రీసైకిల్ బట్ట కోటు మన హైదరాబాద్‌కు పనికొస్తుందా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. నాకు 28 ఏళ్ళు. మాది కరీంనగర్. అమ్మతో కలిసి మియాపూర్‌లో ఉంటున్నాను. ఉద్యోగం రాయదుర్గంలో. రోజూ మెట్రోలో వెళ్తాను, అమీర్‌పేటలో రైలు మారతాను. ఆఫీసులో ఏసీ చలికి తట్టుకోలేక చున్నీ కప్పుకుని కూర్చుంటున్నాను. ఒక మంచి క్యాజువల్ కోటు కొందామని చూస్తే, రీసైకిల్ బట్టతో చేసినవి రెండు నచ్చాయి. మొదటిది ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన పాలిస్టర్‌తో చేసింది. లోపల దూది కూరినట్టు మెత్తగా ఉబ్బుగా ఉంది, ధర 4,800 రూపాయలు. రెండోది రీసైకిల్ కాటన్‌ది. లైనింగ్ లేదు, జేబుల మీద పాత డెనిమ్ ముక్కలు వేసి కుట్టారు, ధర 2,600. అమ్మేమో "ఎవరో విడిచిన గుడ్డలకి అంత డబ్బు పోస్తావా, పైగా ఒంటి మీద వేసుకుంటావా" అని ఒకటే గొడవ. డిసెంబరులో ఆఫీసు పని మీద నాలుగు రోజులు ఢిల్లీ వెళ్ళాల్సి ఉంది కూడా. ఏది కొనమంటారు? కుర్తీల మీదికి బాగుంటుందా? అసలు ఈ రీసైకిల్ అనేది నిజమేనా, పేరుకేనా? – ఎస్., మియాపూర్

సమాధానం: రెండోది, ఆ కాటన్ కోటు కొనండి. ఎందుకో చెప్తాను. ఢిల్లీకి ఆ మొదటిది, దూది కూరినట్టున్న ఉబ్బు కోటు (ఇక దాన్ని దూది కోటు అంటాను) కావాలి కదా అని మీరు ఆలోచిస్తుంటారు. దానికి వేరే దారి ఉంది, చివర్లో చెప్తాను.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట "ఏసీ చలి". మన ఊళ్ళో కోటు కొనేవాళ్ళు చాలామంది చలికాలాన్ని తలుచుకుని కొంటారు. హైదరాబాద్‌లో చలికాలం ఎన్నాళ్ళు చెప్పండి? డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, కొన్ని రోజులు ఇంకా కిందికి పోతుంది. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపయితే ఊరి మధ్యలో కంటే చలి ఎక్కువే. కానీ పదింటికల్లా ఎండెక్కేస్తుంది, వేసుకున్న స్వెటర్ చేతిలోకి వచ్చేస్తుంది. మీకు నిజంగా కోటు అవసరం పడేది మే నెలలో. బయట 40 డిగ్రీలు, ఆఫీసు లోపల 22. స్టేషన్ నుంచి ఆఫీసు దాకా ఎండలో నడిచి, చెమట ఆరకముందే ఆ చల్లగాలిలో కూర్చుంటారు. మధ్యాహ్నం టీకి కిందికి వెళ్తే కోటు తీసేస్తారు, పైకి రాగానే మళ్ళీ వేసుకుంటారు.

అంటే మీ కోటు రోజుకి నాలుగైదుసార్లు ఒంటి మీదికి ఎక్కి దిగాలి. మడిచి బ్యాగులో పెడితే పట్టాలి. చెమట ఒంటి మీద వేసుకున్నా అంటుకోకూడదు. వారానికోసారి ఉతికితే మర్నాటికి ఆరాలి. ఈ నాలుగు పనులూ దూది కోటు చెయ్యలేదు. అది బ్యాగులో పట్టదు, కుర్చీకి తగిలిస్తే కింద పడుతుంది, మెట్రో రద్దీలో చేతిలో పట్టుకుని నిలబడితే పక్కవాళ్ళకి కూడా ఇబ్బంది.

చెమట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బాగా ఆరిన నూలు కూడా గాలిలోని తేమను తన బరువులో 8 శాతం వరకూ పీల్చుకుంటుంది. పాలిస్టర్ పీల్చుకునేది అర శాతం కూడా ఉండదు, 0.4 శాతం. అందుకే పాలిస్టర్ తొందరగా ఆరుతుంది. అందుకే అది వేసుకుంటే చెమట లోపలే నిలిచి జిగటగా కూడా అనిపిస్తుంది. ఒంటి నూనె, దాని వాసన పాలిస్టర్‌ని పట్టుకుంటే ఒక ఉతుకుతో పోవు. పాలిస్టర్ సీసా నుంచి వచ్చినా, కొత్తగా ఫ్యాక్టరీలో చేసినా ఈ గుణాలు మారవు. రీసైకిల్ అన్న మాట బట్ట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తుంది, ఒంటి మీద ఎలా ఉంటుందో చెప్పదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు.

అలాగని పాలిస్టర్‌ని తీసిపారెయ్యను. మీరు స్కూటీ మీద తిరిగేవాళ్ళయితే, జులై, ఆగస్టు ముసురులో ఎదురుగాలి ఆపడానికి పల్చటి రీసైకిల్ పాలిస్టర్ విండ్‌చీటరే కొనమని చెప్పేదాన్ని. కాటన్ కోటు వానలో తడిస్తే గోనెసంచిలా బరువెక్కుతుంది, ఆ ముసురులో రెండు రోజులకి గానీ ఆరదు. మీరు మెట్రోలో వెళ్తున్నారు కాబట్టి గొడుగు ఉంటే చాలు.

ఇక మీ చివరి ప్రశ్న, ఇది నిజమేనా పేరుకేనా అని. రెండు రకాల బట్టా నిజమే. సీసాల పాలిస్టర్ ఎలా చేస్తారంటే, తాగి పారేసిన నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు ఏరి, మూతలు, లేబుళ్ళు వేరుచేసి, కడిగి, చిన్న చిన్న ముక్కలుగా తరుగుతారు. వాటిని కరిగించి సన్నటి రంధ్రాల గుండా దారంగా లాగుతారు. 2023 ఫిబ్రవరి 8న ప్రధాని మోదీ పార్లమెంటుకు వేసుకొచ్చిన నీలిరంగు బండీ ఇలాంటి బట్టతో కుట్టిందే. అంతకు రెండు రోజుల ముందు బెంగళూరులో ఇండియన్ ఆయిల్ సంస్థ ఆయనకి దాన్ని బహూకరించింది. టీవీలో చూసినవాళ్ళకి అది మామూలు బండీలాగే కనిపించింది. అది చేతులు లేని పల్చటి బండీ అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. మన వాతావరణంలో పాలిస్టర్ ఉండాల్సిన తీరు అది. కానీ సీసా మళ్ళీ సీసాగా మారే అవకాశం ఉంది. ఒకసారి కోటుగా మారాక ఆ ప్రయాణం చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని ప్లాస్టిక్ నూగు నీళ్ళలో కలుస్తుంది కూడా. అందుకే సీసాల కోటు కొంటే భూమికి మేలు చేసేసినట్టే అని ఎవరైనా అంటే నేను పూర్తిగా ఒప్పుకోను.

కాటన్‌ది వేరే దారి. గుడ్డ ముక్కల్ని రంగుల వారీగా వేరుచేసి, పళ్ళచక్రాల యంత్రంలో వేసి చీల్చి, మళ్ళీ దూదిలాగా చేస్తారు. దాన్ని వడికి దారం తీస్తారు. నీలం ముక్కల నుంచి నీలం దారమే వస్తుంది కాబట్టి మళ్ళీ రంగు వేసే పని చాలాసార్లు ఉండదు. అద్దకానికి అయ్యే నీళ్ళూ రసాయనాలూ మిగులుతాయి. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది అదే.

ఇక అమ్మగారి మాట. ఆవిడ మాటని చాదస్తం అని కొట్టిపారెయ్యకండి. ఒకరు విడిచిన బట్ట ఇంకొకరు కట్టకూడదని మన ఇళ్ళల్లో తరాలుగా వస్తున్న పట్టింపు అది. రోగాల భయం, మడి, ఆత్మగౌరవం అన్నీ కలిసి ఉన్నాయి అందులో. పాతబట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్ళు వీధిలోకి వస్తే ఇచ్చేవాళ్ళమే గానీ, ఆ బట్టలు ఆ తర్వాత ఎక్కడికి పోతాయని మనం ఎప్పుడూ అడగలేదు. ఆవిడతో వాదించే బదులు రెండు విషయాలు చెప్పి చూడండి.

మొదటిది, రీసైకిల్ కాటన్‌లో ఎక్కువ భాగం ఎవరూ కట్టి విడిచిన బట్ట కాదు. తిరుప్పూరు లాంటి చోట్ల బనియన్లు, టీషర్టులు కుట్టే యూనిట్లలో కటింగ్ మాస్టర్ కత్తిరించాక టేబుల్ మీద బోలెడు ముక్కలు మిగులుతాయి. కొత్త బట్టే, ఆకారం లేదంతే. అవే పోగుచేసి దారం తీస్తారు. వాడి విడిచిన బట్టల నుంచి చేసేది కూడా ఉంది, దానికి మన దేశంలో పేరుమోసిన ఊరు హరియాణాలోని పానిపట్. విదేశాల నుంచి ఓడల్లో వచ్చిన పాత స్వెటర్లు, కోట్లు అక్కడికి చేరతాయి. గుండీలు, జిప్పులు పీకేసి, రంగుల వారీగా గుట్టలు పోసి, చీల్చి, దారం తీసి దుప్పట్లు నేస్తారు. వరదలప్పుడు, చలికాలంలో పంచిపెట్టే ముతక కంబళ్ళలో ఎన్నో అలా పుట్టినవే. ఈ పని ఈనాటిది కాదు. ఇంగ్లాండులో బాట్లీ అనే ఊళ్ళో 1813లోనే పాత ఉన్ని గుడ్డలు చీల్చి కొత్త బట్ట నెయ్యడం మొదలుపెట్టారు.

రెండోది, అమ్మగారు చిన్నప్పుడు ఏం కప్పుకుని పడుకున్నారో అడగండి. బొంత కాదూ? పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, పైన మెత్తటి చీర వేసి, అంచుల నుంచి లోపలికి వరసగా కుట్టుకుంటూ వచ్చేవాళ్ళు. మా అమ్మమ్మ కుట్టిన బొంత ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో ఎవరి చీర ఎక్కడుందో మా అమ్మ వేలు పెట్టి చూపిస్తుంది. "కొత్త ఒక వింత, పాత ఒక రోత" అనే సామెత మనదే, ఆ రోతని కళ్ళకద్దుకుని కప్పుకున్నదీ మనమే. తేడా ఒక్కటే, బొంతలో చీర మన వాళ్ళది, కోటులో గుడ్డ ఎవరిదో తెలియదు. ఆ తేడా మనసుకి పెద్దదేనని నేనూ ఒప్పుకుంటాను. అందుకే, మీరు చూసిన కోటు జేబుల మీద ఉన్న డెనిమ్ ముక్కలు వాడిన జీన్స్‌వా, మిగులు ముక్కలా అని షాపులో అడగండి. వాడినవే అయితే ఇంటికి తేగానే ఒకసారి గోరువెచ్చటి నీళ్ళలో ఉతికి, ఎండలో తిరగేసి ఆరెయ్యండి. అమ్మగారి కళ్ళముందే ఆ పని చెయ్యండి.

రీసైకిల్ కాటన్‌కి ఒక బలహీనత ఉంది. గుడ్డని చీల్చేటప్పుడు నూలు పోగులు తెగి పొట్టివైపోతాయి. పొట్టి పోగులతో వడికిన దారానికి బలం తక్కువ, నూగు ఎక్కువ. అందుకే దాదాపు ఎప్పుడూ అందులో కొత్త కాటన్‌నో పాలిస్టర్‌నో కలుపుతారు. నూటికి నూరు పాళ్ళు రీసైకిల్ కాటన్ అని గొప్పగా రాసిన కోటు చూస్తే నేను సంతోషించను, ఇంకోసారి చేత్తో తడిమి చూస్తాను. సగానికి కొంచెం అటూ ఇటూగా రీసైకిల్, మిగతాది కొత్త కాటన్ ఉన్న బట్ట రోజూ వాడుకోడానికి బాగా నిలుస్తుంది.

ఇది నాకు డబ్బు పోగొట్టుకుని తెలిసింది. కొన్నేళ్ళ కిందట బంజారాహిల్స్‌లో ఒక షాపులో బూడిద రంగు పొడుగు కోటు చూసి ముచ్చటపడి కొన్నాను. రీసైకిల్ బట్ట అని చెప్తే ఇంకా ఆనందపడ్డాను. లేబుల్ చదవలేదు. నెల తిరిగేసరికి హ్యాండ్‌బ్యాగు పట్టీ రాసుకునే చోట, చంకల దగ్గర, బల్ల మీద ముంజేతులు ఆనే చోట ఉండలు ఉండలుగా కట్టేసింది. ఇంట్లో ఉతికితే ముందు భాగం మీద బొబ్బలు వచ్చాయి. లోపల కాలర్‌కీ ముందు భాగానికీ అంటించిన బక్రం (బిగువు కోసం లోపల వేసే గట్టి గుడ్డ) జిగురు ఊడి ఉబ్బింది. తీసుకెళ్ళి చూపిస్తే, ఇలాంటి బట్ట అలాగే ఉంటుంది మేడమ్ అన్నారు. ఆ మాట నన్ను ఆ కోటు కంటే ఎక్కువ బాధపెట్టింది. ఇలాంటి బట్ట అలాగే ఉండక్కర్లేదు. సరిగ్గా కలిపి, గట్టిగా నేసి, అంటించాల్సిన చోట కుడితే ఏళ్ళ తరబడి ఉంటుంది. అప్పటి నుంచి నేను కోటుని అద్దం ముందుకి తీసుకెళ్ళే ముందు కిటికీ దగ్గరికి తీసుకెళ్తున్నాను.

మీరూ అలాగే చెయ్యండి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పడుగు, పేక, అంటే నిలువు పోగులూ అడ్డ పోగులూ, సమానంగా కనిపించాలి. అక్కడక్కడా గొంగళి పురుగుల్లా లావుపాటి పోగులు రెండు మూడు ఉంటే అది అందమే, కానీ పల్చబడిన చోట్లు ఉండకూడదు. బొటనవేలితో ఒకే చోట ఇరవైసార్లు గట్టిగా రుద్దండి. అప్పుడే నూగు లేస్తే నెలలో ఉండలు కడుతుంది. భుజం కుట్టుకి అటూ ఇటూ పట్టుకుని మెల్లగా లాగండి, కుట్టు మధ్యలో వెలుతురు కనిపిస్తే వదిలెయ్యండి. తెల్ల చేతిరుమాలు తడిపి ఆ డెనిమ్ ముక్కల మీద రుద్దండి. నీలం బాగా దిగితే మీ లేత రంగు కుర్తీలు, బ్యాగు పాడవుతాయి. జేబులో చెయ్యి పెట్టి చూడండి, జేబు సంచి గుడ్డ గట్టిది ఉండాలి. ఫోను, మెట్రో కార్డు, తాళాలు మోసేది అదే. ఇవన్నీ చేస్తుంటే షాపువాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

లేబుల్ సంగతి కూడా చూడండి. పర్యావరణానికి మేలు, గ్రీన్, సస్టెయినబుల్ లాంటి మాటలకి విలువ ఇవ్వకండి. శాతం అంకె రాసి ఉండాలి. పై బట్టకి వేరుగా, లైనింగ్‌కి వేరుగా రాసి ఉంటే ఇంకా మంచిది. కొన్నిటికి జీఆర్‌ఎస్ అనే గుర్తు ఉంటుంది, గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్ అని. ఆ గుర్తు వస్తువు మీద వెయ్యాలంటే కనీసం 50 శాతం రీసైకిల్ సరుకు ఉండాలి. తయారీలో వాడే రసాయనాల గురించి, పనివాళ్ళ గురించి కూడా అందులో నిబంధనలు ఉన్నాయి. ఆర్‌సీఎస్ (రీసైకిల్డ్ క్లెయిమ్ స్టాండర్డ్) అని ఇంకొకటి ఉంది, దానికి 5 శాతం ఉన్నా చాలు. రెండూ ఒకే సంస్థవే, టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్‌వి. పేర్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఒకటనుకుని ఇంకొకటి కొనే ప్రమాదం ఉంది. చిన్న యూనిట్లలో కుట్టినవాటికి ఏ గుర్తూ ఉండకపోవచ్చు. వాళ్ళు గుడ్డ ఎక్కడ తెచ్చారో అడిగితే తడుముకోకుండా చెప్పగలిగితే నేను నమ్ముతాను.

ఇప్పుడు మీరు ఎదురుచూస్తున్న ప్రశ్న, కుర్తీల మీద బాగుంటుందా అని. బాగుంటుంది, కానీ పొడుగు కుదరాలి. మోకాళ్ళ దాకా వచ్చే కుర్తీ మీద మోకాళ్ళ దాకా వచ్చే కోటు వేస్తే మనిషి పొట్టిగా, బరువుగా కనిపిస్తుంది. రెండు అంచులూ ఒకేచోట ఆగకూడదు. మీరు చూసిన కోటు నడుము కిందికి, తుంటి దగ్గర ఆగేదయితే నిటారు కట్ కుర్తీల మీద చక్కగా నప్పుతుంది. అనార్కలీ లాంటి గేరు ఎక్కువ ఉన్నవాటి మీద మాత్రం వెయ్యకండి, గేరు పైకి లేచి కోటు కింద గొడుగులా విచ్చుకుంటుంది. జీన్స్ మీద పొట్టి కుర్తీ వేసుకునే రోజున గుండీలు పెట్టకుండా వదిలెయ్యండి. పోచంపల్లి ఇక్కత్, కలంకారీ లాంటి డిజైన్ కుర్తీల మీద అతుకుల కోటు పడితే రెండు డిజైన్లూ కొట్టుకుంటాయి. ఆ రోజుల్లో కోటు కుర్చీకే ఉండనివ్వండి. నూలు చీర మీద కూడా వేసుకోవచ్చు, కొంగు కోటు లోపలి నుంచి తెచ్చి ముందుకి వదలండి. మంగళగిరి, నారాయణపేట లాంటి సన్న అంచు చీరల మీద బాగుంటుంది, నేను వేసుకుంటాను.

రంగు విషయంలో రీసైకిల్ కాటన్‌కి సహజంగానే ఒక అందం ఉంది. రకరకాల షేడ్ల ముక్కలు కలవడం వల్ల నీలం పూర్తి నీలంగా ఉండదు, అందులో బూడిద, తెలుపు చుక్కల్లా మెరుస్తాయి. మన రోడ్ల దుమ్ము దాని మీద తొందరగా కనిపించదు. నలుపు మీద కనిపించినంత దారుణంగా దుమ్ము దేని మీదా కనిపించదు, నల్లది ఇస్తామన్నా వద్దనండి. అతుకులు జేబుల మీదే ఉన్నాయన్నారు, అంతవరకే బాగుంటుంది. వీపు నిండా, చేతుల నిండా అతుకులుంటే మొదటి వారం అందరూ మెచ్చుకుంటారు. నెల తర్వాత మీకే విసుగు పుడుతుంది. ఆ కోటుని రోజూ వేసుకోలేరు.

సైజు చూసేటప్పుడు మీరు రోజూ వేసుకునే కుర్తీ మీదే వేసుకుని చూడండి, టీషర్టు మీద కాదు. భుజం కుట్టు భుజం ఎముక కంటే అర అంగుళం, అంగుళం కిందికి దిగినా పరవాలేదు, ఈ రకం కోటుకి వదులే అందం. రెండు చేతులూ పైకెత్తి మెట్రోలో హ్యాండిల్ పట్టుకున్నట్టు నిలబడండి. చంకల దగ్గర పట్టేస్తే ఆ కోటు మీది కాదు. చేతులు మోచేతి దాకా మడిస్తే జారకుండా నిలవాలి. లోపల కుట్లు పైపింగ్‌తో, అంటే సన్నటి గుడ్డ పట్టీతో, కప్పి ఉంటే మంచిది. లైనింగ్ లేని కోటుకి లోపలి పనితనమే అసలు పరీక్ష, మడిచిన చేతుల దగ్గర లోపలివైపు అందరికీ కనిపిస్తుంది.

ధర గురించి అమ్మగారికి ఒక లెక్క చెప్పండి. 4,800 కోటు మీరు ఇక్కడ ఏడాదికి పన్నెండు రోజులు వేసుకుంటారనుకుందాం. మొదటి ఏడు రోజుకి 400 పడినట్టు. 2,600 కోటు ఆఫీసుకి ఏడాదిలో 120 రోజులు వేసుకుంటే రోజుకి 22 రూపాయలు కూడా పడదు. రీసైకిల్ వస్తువు వల్ల భూమికి జరిగే మేలు కూడా ఈ లెక్కలోనే ఉందని నా నమ్మకం. బీరువాలో వేలాడే రీసైకిల్ కోటు కంటే, పదేళ్ళు వాడిన మామూలు కోటే నయం. మీ బీరువాలో ఇప్పటికే పనికొచ్చే కోటు ఏదైనా ఉంటే, ఈ ఉత్తరం పక్కన పెట్టి దాన్నే బాగుచేయించుకోండి.

ఇంకో మార్గం కూడా ఉంది, అమ్మగారికి బహుశా ఇదే నచ్చుతుంది. ఇంట్లో పాత జీన్స్ రెండు మూడు ఉంటే మీ వీధిలో టైలర్ చేతనే కోటు కుట్టించుకోవచ్చు. కాళ్ళ భాగం వెనకవైపు బట్ట గట్టిగా ఉంటుంది, అది వీపుకీ ముందు భాగాలకీ వస్తుంది. తొడల లోపలివైపు, మోకాళ్ళ దగ్గర అరిగి ఉంటుంది, అవి వదిలెయ్యమనండి. చేతులకి అమ్మగారి పాత గద్వాల నూలు చీరో, నారాయణపేట చీరో వాడితే కోటు తేలికవుతుంది. అరిగిన చీర మడతల దగ్గర చిరుగుతుంది కాబట్టి వెనక పల్చటి కాటన్ వేసి కుట్టమని చెప్పండి. పాత పట్టుచీర మాత్రం ఇవ్వకండి, పట్టు చీకిపోయి కుట్టు దగ్గరే విడిపోతుంది. డెనిమ్ మీద మామూలు సూది విరుగుతుంది, 16 నంబరు సూది కావాలి. బట్టలన్నీ ముందే ఉతికి ఇస్తే తర్వాత ముడుచుకుపోదు. మంచి గుండీలు, పైపింగ్ సుల్తాన్ బజార్‌లోనో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో దొరుకుతాయి. ఒక కోటు నమూనాగా తీసుకెళ్ళి చూపించకపోతే మాత్రం మన టైలర్లు బ్లౌజు కొలతల్లో బిగుతుగా కుట్టేస్తారు. అందుకే వదులుగా ఉన్న చొక్కా ఒకటి ఇచ్చి, దాని మీద రెండు అంగుళాలు వదులు పెట్టమనండి.

ఉతకడం తేలికే. తిరగేసి, చల్లటి నీళ్ళలో, మొదటి రెండుసార్లు విడిగా. మియాపూర్ వైపు బోరు నీళ్ళయితే డిటర్జెంట్ తక్కువ వేసి ఒకసారి ఎక్కువ జాడించండి, లేకపోతే బట్ట అట్టలా బిగుస్తుంది. నీడలో ఆరెయ్యండి. ఎక్కడైనా చిరిగితే పాతబస్తీలో రఫూ చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు, రంగు దారం కలిపి కనపడకుండా చేస్తారు.

ఇక ఢిల్లీ. డిసెంబరులో అక్కడ రాత్రిళ్ళు 8 డిగ్రీల దాకా పడిపోతుంది, ఈ కాటన్ కోటు ఒక్కటే సరిపోదు. నాలుగు రోజుల కోసం 4,800 పెట్టకుండా లోపల థర్మల్ ఒక జత వేసుకోండి, దాని మీద కుర్తీ, సన్నటి ఉన్ని స్వెటర్, ఆ పైన ఈ కోటు, మెడకి ఉన్ని శాలువా. అందుకే కోటు కొనేటప్పుడు స్వెటర్ మీద కూడా పడుతుందో లేదో చూడండి. పొద్దున్నే పొగమంచులో బయట ఎక్కువ తిరిగే పని ఉంటే, ఆఫీసులో ఢిల్లీ వెళ్ళొచ్చిన స్నేహితురాలి దగ్గర దూది కోటు అడిగి తీసుకెళ్ళండి. అలాంటివి మన ఊళ్ళో అందరి బీరువాల్లోనూ ఖాళీగానే ఉంటాయి, అడిగితే సంతోషంగా ఇస్తారు. ప్రయాణంలో దాన్ని సూట్‌కేసులో పెట్టకండి, సగం పెట్టె అదే తినేస్తుంది. చేతి మీద వేసుకుని విమానం ఎక్కండి.